బొంతకు కొత్త గుడ్డ కొనరు

ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చుని వింటున్నారో, అక్కణ్ణుంచే ఒకసారి మీ ఇంటి అటక వైపు చూడండి. అటక లేకపోతే బీరువా మీదికి చూడండి. అక్కడ ఏదో ఒకటి ఉంటుంది. ఎప్పుడో కొన్న రంగుల డబ్బా. తీగ తెగిన వీణ. బొమ్మలేద్దామని కొని చుట్టచుట్టి పెట్టిన గుడ్డ. లేకపోతే దళసరి అట్ట వేసిన లాంగు నోటుబుక్కు. తెరిస్తే లోపల ఒక్క అక్షరం ఉండదు.

మా ఇంట్లో ఉన్నది నోటుబుక్కే. కొని చాలా ఏళ్లయింది. ఏదో రాయాలని కొన్నాను. మంచి బల్ల కొనుక్కుని రాద్దామనుకున్నాను. బల్ల వచ్చింది. పిల్లల పరీక్షలు అయ్యాక రాద్దామనుకున్నాను. అయ్యాయి. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుందామనుకున్నాను. అదీ అయింది. నోటుబుక్కు మాత్రం కొన్ననాటిలాగే ఉంది. అట్ట మీద నా పేరు ఒక్కటి గుండ్రంగా, చక్కగా రాసుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు చూడండి, ఆ బాపతు.

ఈ పూట మీతో చెప్పదలచుకున్నది ఒక్కటే సంగతి. ఏదైనా కొత్తగా చేయాలనుకుంటాం. కథ రాయాలని, బొమ్మ వేయాలని, పాట కట్టాలని, చిన్న సినిమా తీయాలని. అన్నీ సమకూరేదాకా ఆగకుండా, ఇంట్లో ఉన్నదానితో ఆ పని మొదలుపెట్టడం ఎలా? "మొదలుపెట్టండి, మొదలుపెట్టండి" అని ఊరికే చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. ఆ మాట నాకు నేనే వందసార్లు చెప్పుకున్నాను. అందుకని, ఎలాగో చెప్తాను. మా మేనత్త దగ్గర్నుంచి చెప్తాను.

మా మేనత్త బొంతలు కుట్టేది. వేసవిలో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, వసారాలో కూర్చునేది. బొంత కుట్టడం ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. వాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. బొంతకు ఎవరూ కొత్త గుడ్డ కొనరు. కొత్త గుడ్డ కొని కుడితే అది బొంతే కాదు. చిరిగిన చీరలు, పాత పంచెలు, దుప్పటి ముక్కలు. ముందు అవన్నీ తెచ్చి నేల మీద పోసేది. అప్పటికింకా ఎంత బొంత అవుతుందో ఆమెకే తెలియదు. ఒక్కో చీర తీసి వెలుగుకు అడ్డంగా పట్టుకునేది. ఎక్కడ చిల్లులున్నాయి, ఎక్కడ నేత పల్చబడింది, అన్నీ చూసేది. మరీ నలిగిపోయిన గుడ్డ లోపలి పొరల్లోకి. కాస్త గట్టిగా ఉన్నది పైకి ఒకటి, కిందికి ఒకటి. చీర పోయినా అంచు బాగుంటే, ఆ అంచు చింపి బొంతకు చుట్టూతా వేసేది. గుడ్డ బాగా ఉందా, ఇద్దరు పడుకునే బొంత. తక్కువుందా, చంటిపిల్ల కింద పరిచే బొంత.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నాకు పెద్ద బొంత కావాలి, దానికి ఇన్ని గజాల గుడ్డ కావాలి అని ఆమె ఏనాడూ లెక్క వేయలేదు. ముందు ఉన్న గుడ్డ చూసింది. ఆ గుడ్డను బట్టి బొంత కొలత అనుకుంది. మనం చేసేది సరిగ్గా తలకిందులు. ముందు పెద్ద బొంత ఊహించుకుంటాం. ఆ తర్వాత గుడ్డ లేదని కూర్చుంటాం.

ఇంకో సంగతి కూడా ఉంది. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. కుడుతూ కుడుతూ మధ్యలో ఆగి, బొంత అంతా అరచేత్తో తడిమేది. ఎక్కడో ఒక మూల పల్చగా తగిలేది. అప్పుడు లోపలికి కేకేసేది. "ఒరేయ్, నీ పాత లుంగీ ఏదైనా ఉంటే పట్రారా!" అని. ఆ లుంగీ కావాలని మొదట్లో ఆమెకు తెలియదు. సగం కుట్టాక, చెయ్యి పెట్టి తడిమాక తెలిసింది. మొదలుపెట్టకముందే ఏమేం కావాలో రాసుకొమ్మంటే, లుంగీ ఆ జాబితాలో ఉండేది కాదు. ఎన్ని ఉండేవో గానీ, లుంగీ మాత్రం ఉండేది కాదు.

అదీ నేను చెప్పదలచుకున్నది. ఏ పనిలోనైనా, కొత్తగా ఏదీ కొనకుండా, ఎవరినీ అడగకుండా, ఇవాళే చేయగలిగిన ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఇవాళ్టి ముక్క అనుకుందాం. ఆ ముక్కను వెతకండి. అది చేయండి. ఆ తర్వాత ఏం కావాలో ఆ ముక్కే చెబుతుంది. కూర పొయ్యి మీద ఉడికి, గరిటెతో రుచి చూశాకే కదా ఉప్పు చాలలేదని తెలిసేది.

బొంతకైతే సరే, పెద్ద పనులకు ఇది పనికొస్తుందా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా.

యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆలేరు ఉంది. ఆ దగ్గర్లోనే శారాజీపేట. చింతకింది మల్లేశం గారి ఊరు. ఆయన సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథతో సినిమా వచ్చింది. ఆ సన్మానాలూ సినిమా కాసేపు పక్కన పెడదాం. ఆయన పని ఎలా సాగిందో చూద్దాం. మనకు కావలసింది అది.

పోచంపల్లి చీర మీకు తెలుసు. అందులో బొమ్మ నేశాక వేసింది కాదు. నేయకముందే దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. ఆ ముడులు కట్టేముందు దారాన్ని ఒక కొలతలో పోసుకోవాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఇటువైపు ఒక మేకు. ఎదురుగా అర్ధచంద్రంలా బోలెడు మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇటు నుంచి అటు పోవాలి, అటు నుంచి ఇటు రావాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. మీరు కూర్చున్నచోటే ఒకసారి చెయ్యి చాచి, వెనక్కి తీసుకోండి. ఒకటి. రెండు. మూడు. ఇంకా 8,997 ఉన్నాయి. ఈ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఏళ్ల తరబడి ఆసు పోశారు. భుజాలు, మోచేతులు నొప్పులు. ఇక నా వల్ల కాదు అనేదాకా వచ్చింది.

దీనికొక యంత్రం ఉండాలి అనుకున్నారు కొడుకు. ఆయన చదువు ఆరో తరగతితో ఆగింది. యంత్రాల శాస్త్రం ఎవరూ చెప్పలేదు. చేతిలో డబ్బు లేదు. మరి ఉన్నదేమిటి? ఆసు పని తెలుసు. చిన్నప్పటి నుంచీ కళ్లెదుట జరుగుతున్న పని. ఏ ఇంజనీరుకూ తెలియనంత తెలుసు. ఆయన దగ్గరున్న పాత చీర అదన్నమాట.

1992లో మొదలుపెట్టారు. మొత్తం యంత్రం ఒక్కసారిగా వచ్చేయలేదు. ముందు చెక్కతో చట్రం. ఆ తర్వాత ఒక కదలిక. అది కుదిరాక ఇంకొకటి. డబ్బు చేతికొచ్చినప్పుడు ఒక భాగం, లేనప్పుడు ఆగడం. హైదరాబాదు వెళ్లి పని చేసుకుంటూ, మిగిలిన డబ్బుతో మళ్లీ ఇంకో భాగం. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. చాలామటుకు అయిపోయింది. ఒక్క కదలిక దగ్గర మాత్రం చిక్కుపడింది. ఎంత ఆలోచించినా తెగలేదు. 1999లో ఒకరోజు, బాలానగర్‌లో పని మీద ఉన్నప్పుడు, అక్కడ తిరుగుతున్న వేరే యంత్రం ఒకటి కంటపడింది. దానికీ చీరలకూ ఏ సంబంధమూ లేదు. కానీ అందులో ఒక భాగం, సరిగ్గా ఆయన వెతుకుతున్నట్టే కదులుతోంది. చిక్కు విడిపోయింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలోకి వచ్చింది. ఆ యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టుకున్నారు. లక్ష్మీ ఆసు యంత్రం.

బాలానగర్‌లో ఆ యంత్రాన్ని రోజూ ఎంతమంది చూసి ఉంటారు! దాని పక్కనే పనిచేసిన వాళ్లున్నారు. దాన్ని బాగుచేసిన వాళ్లున్నారు. వాళ్లెవరికీ అందులో ఆసు కనిపించలేదు. ఏడేళ్లు ఆ పనిలో మునిగి, ఒక్కచోట చిక్కుకుని ఉన్నవాడికి కనిపించింది. ఇదే మనిషి 1992లో, "ముందు మంచి వర్క్‌షాపు దొరకనీ, తర్వాత చూద్దాం" అని ఇంట్లో కూర్చుని ఉంటే? 1999లో అదే యంత్రం ముందు నుంచి నడిచి వెళ్లిపోయేవారు. మా మేనత్తకు లుంగీ సంగతి తెలిసినట్టే, ఆయనకు ఆ కదలిక సంగతి తెలిసింది. చెయ్యి పెట్టి తడిమాక.

కాబట్టి మళ్లీ చెప్తున్నాను. ఇవాళ్టి ముక్క చేయండి. తర్వాత ఏం కావాలో అదే చెబుతుంది.

మా స్నేహితుడొకడున్నాడు. వాడి కోరిక సొంత ఊరి చరిత్ర రాయడం. మంచి కోరిక. పదేళ్లుగా ఉంది. అడిగితే, కంప్యూటర్ కొనాలన్నాడు. కొన్నాక, తెలుగు టైపు నేర్చుకోవాలన్నాడు. ఆ తర్వాత, శాసనాలు చదవడం వచ్చిన పండితుణ్ణి పట్టుకోవాలన్నాడు. ఈలోగా వాడి ఊళ్లో తొంభై ఏళ్ల తాత ఒకాయన పోయాడు. ఆ వారం నాకు ఫోన్ చేసి, "సగం చరిత్ర వెళ్లిపోయిందిరా" అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు.

ఈ సంగతి మనం మరిచిపోతాం. లేనిది వచ్చేదాకా మనం ఆగుతాం. కానీ ఉన్నది మన కోసం ఆగదు. సత్యజిత్ రే మొదటి సినిమా "పథేర్ పాంచాలి" తీసేటప్పటి ముచ్చట ఒకటుంది. 1952 అక్టోబరులో మొదలుపెట్టారు. అప్పుడాయన ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. చిత్రీకరణ సెలవు రోజుల్లో. కెమెరా పట్టిన సుబ్రతో మిత్రా ఇరవై దాటిన కుర్రాడు. సినిమా కెమెరా అంతకు ముందు నడిపి ఎరగడు. అక్కాతమ్ముళ్లిద్దరూ రెల్లుపూల చేలో నడిచే దృశ్యం ఒకటి అందులో ఉంది. మొదటి రోజు కొంత తీశారు. మళ్లీ ఆదివారం వెళ్లి చూస్తే పువ్వుల్లేవు. పశువులు మేసేశాయి. మిగతా సగం తీయడానికి మళ్లీ రెల్లు పూసే కాలం దాకా, ఏడాది ఆగాల్సి వచ్చింది. మొదలుపెట్టిన ఆయన పరిస్థితే అది. మొదలే పెట్టని మన రెల్లుపూలు ఎన్ని మేతకు పోయాయో!

సరే, మా స్నేహితుడికి ఏం చెప్పానంటే, "చరిత్ర రాయకు. అది పెద్ద బొంత. మీ ఊళ్లో బావులు ఎన్ని, వాటి పేర్లేమిటి? అది ఒక్కటి కనుక్కో" అన్నాను. జేబులో ఫోన్ ఉంది. అందులో గొంతు రికార్డు చేయవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు, పండితుడు అక్కర్లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చున్న ముసలమ్మ దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగడమే. వాడు గొణిగాడు. బావుల పేర్లు చరిత్ర ఎలా అవుతుందన్నాడు. అయితే కాకపోనీ, అడుగు అన్నాను.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. ఉన్నదానితో చేసేస్తే పని నాసిగా వస్తుంది కదా? కొన్నిటికి నిజంగానే సరైన సరుకు కావాలి కదా? కావాలి. కాదనను. తడి ముక్కలతో ఆవకాయ పెట్టి, ఉన్నదానితో సర్దుకున్నాను అంటే బూజు ఊరుకోదు. ఉన్నదానితో మొదలుపెట్టమన్నాను గానీ, చేతికి తగిలిందల్లా వేసేయమనలేదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను చూడండి. వాళ్ల కలం ఖరీదైంది కాదు. వెదురుపుల్ల, దానికి చుట్టిన గుడ్డో ఉన్నో. నల్లరంగు ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి ఊరబెట్టింది. దాన్ని కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం! ఇంతకంటే ఇంట్లో వస్తువులు ఏముంటాయి? కానీ గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టడం మాత్రం మానరు. అది మానితే రంగు గుడ్డ మీద పాకిపోతుంది. కలం సంగతిలో సర్దుకుంటారు. కరక్కాయ, పాల సంగతిలో సర్దుకోరు. ఏది లేకపోతే పని చెడుతుందో వాళ్లకు తెలుసు. కసిమి ఊరడానికి రోజులు పడతాయి, నిజమే. ఆ రోజులు ఆగాల్సిందే. అయితే అది కుండలో ఇనుము వేశాక ఆగడం. మనలో చాలామంది కుండలో ఇనుము వేయకుండానే కసిమి కోసం చూస్తూ కూర్చుంటాం.

అందుకే, "నాకు ఫలానాది లేదు" అనిపించినప్పుడు నన్ను నేను ఒక ప్రశ్న అడుగుతాను. అది లేకపోతే పని చెడుతుందా? లేక, నేను చిన్నబోతానా? ఈ రెండూ వేరు వేరు. నిజం చెప్పమంటే, నా నోటుబుక్కు విషయంలో బల్ల లేకపోవడం వల్ల ఏ పనీ చెడలేదు. నా మొదటి పేజీ బాగుండదని నాకు తెలుసు. కొట్టివేతలుంటాయి. అంత మంచి నోటుబుక్కులో కొట్టివేతలా అని సిగ్గు. బల్ల మీద నెట్టాను. పిల్లల మీద నెట్టాను. ఆడలేక మద్దెల ఓడు అనేది ఇంకొకళ్లను అనడానికి బాగుంటుంది. మనకు అన్వయించుకుంటే కాస్త గుచ్చుకుంటుంది. పోయిన నెల ఏం చేశానంటే, గోడ మీది పాత క్యాలెండర్ చించి, కాగితాల వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. ఎవరూ చూడని కాగితం. కొట్టివేతలకు భయం లేదు. ఈ ప్రసంగం కూడా ముందు వాటి మీదే రాశాను. వెనక నుంచి తిథులూ నక్షత్రాలూ కనబడుతున్నాయి. వర్జ్యంలో రాసిన పేజీ కూడా ఒకటుంది.

కాగితం మాటెందుకు? కాగితమే లేనివాళ్లు రాశారు. 1948లో దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు జైల్లో ఉన్నారు. నిజాం మీద కవిత్వం చెప్పినవాడికి జైల్లో కలం, కాగితం ఎవరిస్తారు? పళ్లు తోముకోవడానికి బొగ్గు ఉంది. ఎదురుగా గోడ ఉంది. బొగ్గుతో గోడ మీద పద్యం రాశారు. మరుసటి ఏడు ఆయన కవితల పుస్తకం "అగ్నిధార" వచ్చింది. అదే జైల్లో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి గారిదీ ఇదే తోవ. ఒకప్పుడు హోటల్లో సర్వరు పని చేసిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేశారు. వేసిన పుస్తకాలు అమ్మడానికి అంగడి లేదు. గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. గంప మన ఇళ్లల్లోనూ ఉండేది. దాంట్లో మనం వంకాయలు పెట్టుకున్నాం.

ఇంత విన్నాక, ఈ రాత్రి పడుకునే ముందు ఒక చిన్న పని చేయండి. మీరు చేయాలనుకుంటున్న పని ఒకటి తలచుకోండి. అందులో లేనివి లెక్కపెట్టకండి, ఆ లెక్క మనకు కంఠతా వచ్చు. మేనత్త చీరలు పోసినట్టు, ఉన్నవి పోసుకోండి. జేబులో ఫోన్, వంటింట్లో బియ్యప్పిండి, బడిలో మిగిలిపోయిన సుద్దముక్కలు, రాత్రి అన్నం తిన్నాక దొరికే అరగంట, మీకు మాత్రమే తెలిసిన ఏదో పని. వాటితో ఎంత బొంత అవుతుందో చూడండి. రేపు ఒక్క ముక్క. సినిమా తీయాలనుకునే అబ్బాయీ, మీ నాయనమ్మ పూలు కడుతుంటే ఆ చేతులను ఒక్క నిమిషం తియ్యి. వెలుతురు చాలకపోతే అప్పుడు తెలుస్తుంది వెలుతురు కావాలని. అప్పుడు ఆమెను కిటికీ దగ్గరికి జరగమను. లైట్లు కొనే సంగతి తర్వాత.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. మా స్నేహితుడి సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న ఫోన్ చేశాడు. ఆరు బావులు దొరికాయట. ఉప్పుబావి, చింతల బావి, కొత్తబావి. అన్నిట్లోకీ పాతది కొత్తబావేనట. ఇప్పుడు వాడికి ఊరి పటం కావాలట, ఏ బావి ఎక్కడో గుర్తుపెట్టడానికి. మనవడి చేత డ్రాయింగు కాగితం మీద గీయిస్తున్నాడు. ఒక బావి దగ్గర మాత్రం పేచీ వచ్చింది. దాని పేరు కోడలి బావి. కోడలు తవ్వించింది కాబట్టి ఆ పేరు అని ఒకావిడ చెప్పింది. కాదు, కోడలు దూకింది కాబట్టి అని ఇంకొకావిడ. ఇద్దరూ ఎనభై దాటినవాళ్లే. ఆ బావి వెనక వీధిలో మూడో ఆవిడ ఒకరున్నారట. రేపు పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాడు.